అత్తగారి అడుగు

కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి,
వాన వెలిసిన మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామని కలం తీశాను. కానీ మా భవనంలో పక్క భాగం పడగొడుతున్నారు. గోడ మీద సమ్మెట పడినప్పుడల్లా నా కలం ఒక అక్షరం ముందుకి దూకుతోంది. దస్తూరీ చూసి నాకు పక్షవాతం వచ్చిందేమోనని అక్కయ్య కంగారు పడకుండా ముందే చెప్పండి.

విషయానికి వస్తాను. "విషయానికి వస్తాను అన్నవాడు ఊరంతా తిరిగొస్తాడు" అని మీరు నన్ను వెక్కిరించేవారు. ఈసారి తిరగను. మా నాన్న దర్జీ దుకాణం పెట్టిన ఈ భవనం మొత్తం కూల్చి కొత్తది కడుతున్నారు. మా వంతు చివర వస్తుంది. కొత్తదాంట్లో దర్జీకి ఒకటే గదిట, అదీ అగ్గిపెట్టెంత. ఒక బల్ల పెడితే ఒక మిషను పడుతుంది, రెండోది పట్టదు. పేరు కూడా ఒకరిదే రాస్తారట.

భవనం గుమాస్తా వచ్చి, "మీ అన్నదమ్ముల్లో ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు.

"పెద్దవాణ్ణి నేను" అన్నాను, అద్దంతో.

"కత్తెర పట్టేది నేను" అన్నాడు తమ్ముడు, ఇస్త్రీపెట్టెతో.

"అయ్యా, నేనిక్కడున్నాను, నాతో చెప్పండి" అన్నాడు గుమాస్తా.

మేం మాట్లాడుకోమన్న సంగతి మీకు తెలుసు. ఎందుకు మాట్లాడుకోమో కూడా తెలుసు, అయినా చెబుతాను, ఎందుకంటే వాడు మీకు వేరేలా చెప్పి ఉంటాడు. ఆ వకీలుగారి నల్లకోటు. కొలత తీసేది నేను, కత్తిరించేది వాడు. కుడిచేతి పొడుగు చూసి "ఇరవై మూడూ ముప్పావు" అని అరిచాను. వాడు "ఇరవై మూడూ పావు" అని కత్తిరించాడు. నువ్వే పావు అన్నావంటాడు. ముప్పావుని పావు చేసే నోరా నాది? ఒక్క అర అంగుళం, బావగారూ! పాపం ఆ వకీలు ఆ చెయ్యి పైకెత్తి వాదించడం మానేసి, ఎప్పుడూ జేబులో పెట్టుకునే ఉండేవాడు. అదేదో పెద్ద వకీళ్ళ ఠీవి అనుకుని కుర్ర వకీళ్ళు కూడా జేబులో చెయ్యి పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇవాళ కోర్టుకి వెళ్ళి చూడండి, సగంమంది ఒంటిచేత్తో వాదిస్తున్నారు. అదంతా మా దుకాణం చలవే.

ఆ రోజు మధ్యలో కట్టిన తెర ఇంకా దిగలేదు. కిటికీ వైపు నేను, గోడ వైపు వాడు. నా కత్తిరింపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. వాడు గిరాకీతో ఎలా మాట్లాడతాడో కూడా తెలుసు. ఇద్దరం కలిసి ఒక మంచి దర్జీ, విడివిడిగా రెండు చెడ్డ దర్జీలు.

చివరికి నేనే అద్దంతో అన్నాను: "పావు దగ్గర వచ్చిన తగవు పావులతోనే తీరనీ. చదరంగం ఆడదాం. ఓడినవాడు మిషను ఎత్తుకుని పోవాలి."

"సరే" అంది ఇస్త్రీపెట్టె.

"రోజుకో ఎత్తు వేసుకోండి, తొందరగా తేలుతుంది" అన్నాడు గుమాస్తా. "వారానికొకటి!" అని మేమిద్దరం ఒక్కసారే అన్నాం. అన్నేళ్ళ తరవాత మా ఇద్దరి మాటా కలిసింది అదొక్కసారే.

బావగారూ, మీసాలు మొలవక ముందు నుంచీ ఈ కిటికీ పక్కన కూర్చుంటున్నాను. ఇది పోతే ఎక్కడ కూర్చోవాలో, కూర్చుని చేతులు ఏం చేసుకోవాలో నాకు తెలీదు. పెళ్ళికొడుకుగా వచ్చిన కొత్తల్లో మా ఇద్దరికీ ఈ ఆట నేర్పింది మీరే. నాకు ఎత్తులు చెప్పి పంపండి. వాడికి తెలియనివ్వకండి. ఇది మోసం కాదు, పెద్దల సలహా. మోసమే అనుకున్నా, మీకూ నాకూ మధ్యే కదా.

మీ
బావమరిది


మేడ మీది గది,
గురువారం

బావమరిదికి,

నీ ఉత్తరం చేరింది. విషయం మూడో పేజీ అడుగున దొరికింది. గ్రంథాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఓపికగా వెతికాను.

ఒప్పుకుంటున్నాను, ఒక షరతు మీద. చెప్పిన ఎత్తే వెయ్యాలి. ఎందుకని అడగకూడదు. సొంత తెలివి కలపకూడదు. ప్రతివారం మీ ఇద్దరి ఎత్తులూ రాసి పంపు. జవాబుకి నాకు రెండురోజులు పడుతుంది. నా బుర్ర ఈ మధ్య నిదానించింది.

మొదటి ఎత్తు: మంత్రి ముందున్న బంటు, రెండు గళ్ళు.

మీ
బావ

ఒరేయ్ పెద్దాడా, నేను అక్కయ్యని. మీ బావగారు అటక మీద నుంచి చదరంగం దింపించారు. దింపింది నేనే, దుమ్ము దులిపింది నేనే. ఒక బంటు పోతే దాని చోట నీ పాత కోటు బొత్తాం పెట్టాను. ఇంతకీ చిన్నాడు ఎలా ఉన్నాడు? ఇంకా ఆ బల్ల మీదే పడుకుంటున్నాడా?


కిటికీ పక్కనుంచి,
దుమ్ము రేగుతున్న పూట

బావగారికి,

ఇన్ని వారాలూ మీరు చెప్పింది చెప్పినట్టు వేశాను. మీ బుర్ర నిదానించిందని రాశారు. అబద్ధం. పదవీ విరమణ తరవాత పదునెక్కింది. వెనకటికి మా ఇంట్లో ఆడేటప్పుడు గుర్రాన్ని ఎటు దూకించాలో నన్నే అడిగేవారు, గుర్తుందా?

ఆడే తీరు చెబుతాను, చూసినట్టుంటుంది. బోర్డు కత్తిరింపు బల్ల మధ్యలో ఉంటుంది. తెర సరిగ్గా దాని నడుం మీదుగా వేలాడుతుంది. సగం గళ్ళు వెలుగులో, సగం చీకట్లో. శనివారం సాయంత్రం తెర కింద నుంచి చిన్నాడి చెయ్యొకటి బయటికొస్తుంది, బొటనవేలి మీద పాత సూదిమచ్చతో. ఒక పావుని పట్టుకుని జరిపి, కలుగులోకి ఎలకలా వెళ్ళిపోతుంది. మొహం లేదు, మాట లేదు.

ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. గుడ్డ పెట్టకుండానే మిషను తొక్కుతున్నాను. మొన్న ఒకాయన ప్యాంటు జేబుల మూతులు కుట్టేశాను. "చిల్లర పడిపోదులెండి" అని సర్దిచెప్పాను. సంగీతం పంతులమ్మ జాకెట్టు పట్టుకొచ్చి అద్దం ముందు నిలబడింది.

"రెండూ ఎడం చేతులే పెట్టారేమిటండీ?"

"కొత్త ఫ్యాషనమ్మా."

"అలాగా? అయితే రెండు కుడి చేతులు పెట్టించుకున్నావిడ ఎవరో చెప్పండి, మేమిద్దరం మార్చుకుంటాం."

తెర వెనక ఎవరో నవ్వు మింగిన చప్పుడైంది. గిరాకీ ముందు తమ్ముడు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట తగ్గాక ఎందుకో మళ్ళీ వినబడితే బాగుణ్ణనిపించింది. మళ్ళీ వినబడలేదు.

సమ్మెట మెట్లదాకా వచ్చింది. గుమాస్తా రోజూ తొంగిచూసి, "ఎవరు గెలుస్తున్నారు?" అంటాడు. ఎవరూ ఓడటం లేదు బావగారూ, అదే నన్ను చంపుతోంది. నేను వల పన్నితే వాడు తప్పుకుంటాడు, వాడు పన్నితే నేను తప్పుకుంటాను. నోట్లో నాలుక లేనివాడికి ఇంత ఆట ఎక్కణ్ణుంచి వచ్చింది?

గడువు దగ్గర పడుతోంది. గెలిచే దారి చెప్పండి.

మీ
బావమరిది


మేడ మీది గది,
ఆదివారం

బావమరిదికి,

ఎడం చేతుల జాకెట్టు గురించి పేజీన్నర రాశావు. ఈ వారం చిన్నాడు వేసిన ఎత్తు రాయడం మరిచావు. ఫరవాలేదు, ఊహించాం.

నీ కుడి అంచున ఉన్న బంటుని ఒక్క గడి జరుపు. దీన్ని అత్తగారి అడుగు అంటారు. ఒకే అడుగు, చప్పుడుండదు. వచ్చి ఏం చేస్తుందంటే ఏమీ చెయ్యదు, ఊరికే కూర్చుంటుంది. కానీ ఒకసారి వచ్చి కూర్చున్నాక ఇల్లంతా దానికి తగ్గట్టు సర్దుకోవాల్సిందే.

ఇక్కడ మీ అక్కకి కుదురు లేదు. చదరంగం బల్ల చుట్టూ తిరుగుతుంది. అటు పక్క కాసేపు నిలబడుతుంది, ఇటు పక్క కాసేపు నిలబడుతుంది. నిన్న పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు. ఏమిటంటే, "మీకెందుకు, మీరు రాసిపెట్టండి" అంటుంది.

మీ
బావ

పెద్దాడా, ఎదురుబొదురుగా కూర్చుని కూడా మాట్లాడుకోకుండా ఆడటం మీకే చెల్లింది. నేనడిగినదానికి జవాబు రాయలేదు. చిన్నాడు రాత్రిళ్ళు ఆ బల్ల మీదేనా? దుకాణం పోతే ఎక్కడ పడుకుంటాడు?


దుకాణం,
సమ్మెట ఆగిన సాయంత్రం

బావగారికి,

అంచు బంటుని మీరు చెప్పిన వారమే జరిపాను. నిజంగానే వాడి సామానంతా సర్దుకోవాల్సొచ్చింది. నాలుగు వారాలు మనదే పైచెయ్యి.

మొన్న శనివారం తెర కింద నుంచి చెయ్యొచ్చింది. నా మంత్రి మీద పడుతుందనుకున్నాను. ఆ చెయ్యి చుట్టూ తిరిగి తిరిగి, వాడి వైపు అంచున ఉన్న బంటుని పట్టుకుని, ఒక్కటంటే ఒక్క గడి జరిపింది.

నేను అద్దంతో అన్నాను: "ఇదేం ఎత్తో!"

తెర వెనక నుంచి జవాబొచ్చింది: "అత్తగారి అడుగు."

బావగారూ, ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో ప్యాంటు కమిలి వాసన వచ్చేదాకా అవతలా కదలిక లేదు, ఇవతలా లేదు. ఆ ప్యాంటు పోయింది. గుమాస్తాదే.

నేనా మాట మీ ఉత్తరంలో తప్ప ఇంకెక్కడా వినలేదు. చిన్నాడికి పెళ్ళే కాలేదు. అత్తగారు లేనివాడికి అత్తగారి అడుగు ఎలా తెలుస్తుంది?

ఇంకో సందేహం. పెద్దవారు, ఏమీ అనుకోకండి. కీర్తిశేషులు మీ అమ్మగారి గురించి మీరు ఎప్పుడైనా పల్లెత్తు మాట అన్నారా? నాకు గుర్తున్నంతవరకు అనలేదు. ఆవిడ వంటింట్లోకి వస్తే మీరు వీధిలోకి వెళ్ళిపోయేవారు. ఊరికే అడుగుతున్నాను.

వచ్చే సోమవారానికల్లా పేరు చెప్పాలన్నాడు గుమాస్తా. కమిలిన ప్యాంటు వేసుకునే వచ్చి చెప్పాడు. ఇంక నానబెట్టడానికి లేదు. ఎవరి మిషను ఎత్తాలో ఈ వారం తేలిపోవాలి. ఎత్తు చెప్పండి. మీరు చెబుతారో ఎవరు చెబుతారో, చెప్పండి.

మీ
బావమరిది


మేడ మీది గది,
మంగళవారం

బావమరిదికి,

నీ రాజుకి కాపలాగా నిలబడ్డ గుర్రాన్ని తీసి పక్కకి దూకించు. ఎందుకని అడక్కు. షరతు ముందే చెప్పాను.

మా అమ్మ సంగతి అడిగావు. మా అమ్మ మహాతల్లి. అంతకంటే రాయను, పక్కన మనిషి ఉంది.

మీ అక్క ఈసారి తన మాటలేవీ కలపనంది. కిటికీ దగ్గర నిలబడింది. ఉత్తరం అంటించబోతే ఆగమంది. విప్పమంది. మళ్ళీ అంటించమంది.

మీ
బావ


కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి,
సోమవారం

అక్కయ్యకి,

అలవాటు కొద్దీ బావగారు విప్పుతారు. విప్పనీ. ఇది మాత్రం నీకు. ఇన్ని నెలలూ ఉత్తరాలన్నీ ఆయన పేరున రాసి నీతోనే మాట్లాడాను కాబట్టి, ఇప్పుడు కొత్తగా సిగ్గుపడేదేమీ లేదు.

మేం ముగ్గురం ఆడుకుంటుంటే నువ్వు వెనక నిలబడి కాజాలు కుట్టేదానివి. మేం బోర్డు చూస్తున్నామనుకున్నాం, నువ్వు కాజాలు చూస్తున్నావనుకున్నాం. బావగారింట్లో అత్తగారి అడుగు ఎలా ఉంటుందో తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఆ పేరు మా ఇద్దరికీ రాసి పంపిన రోజే దొరికిపోయావు. మంచి మాట పుట్టాక దాచుకోలేకపోయావు. నా పోలికే.

గుర్రం దగ్గరికి వస్తాను. నాకు ఆట సరిగ్గా రాకపోవచ్చు గానీ కళ్ళు ఉన్నాయి. ఆ గుర్రం కదిలితే వాడి ఏనుగుకి దారి బార్లా. తిన్నగా దిగి కూర్చుంటే నా రాజుకి పక్కకి జరగడానికి గడి లేదు, సొంత బంట్లే అడ్డం. ఆటకట్టు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని చూశాను: అంటే నన్ను ఓడించడానికే తేల్చుకున్నావన్నమాట. పెద్దవాణ్ణి. కిటికీ నాది. రెండ్రోజులు గుడ్డ లేకుండా మిషను తొక్కాను. దారమంతా ఉండచుట్టుకుపోయింది.

దాన్ని విప్పుతూ కూర్చుంటే నువ్వడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ జాకెట్ల, ప్యాంట్ల కబుర్లు చెప్పి తప్పించుకున్నాను. అవును అక్కయ్యా, చిన్నాడు ఆ బల్ల మీదే పడుకుంటాడు. తలకింద గుడ్డల మూట. నాకు ఇల్లుంది, మా ఆవిడ ఉంది, ఎక్కడ కూర్చున్నా వినేవాళ్ళు దొరుకుతారు. వాడికి ఆ బల్లే ఇల్లు. పందెం పెట్టినప్పుడు నేను దుకాణం ఒడ్డాననుకున్నాను. వాడు ఇల్లు ఒడ్డాడు. తెలిసే ఒడ్డించాను. నీకా సంగతి రాయాల్సొస్తుందనే జవాబివ్వలేదు.

అందుకని శనివారం గుర్రం తీశాను. ఎందుకని అడగలేదు, చూశావా.

తెర కింద నుంచి చెయ్యొచ్చింది. ఏనుగు మీద పడింది. పట్టుకుంది. బొటనవేలు దాని తలని నిమిరింది, ఒకసారి, ఇంకోసారి. ఎత్తలేదు. నెమ్మదిగా వదిలేసి అంచుకి పోయి బంటుని ఒక్క గడి జరిపింది.

"అత్తగారి అడుగు" అన్నాడు.

తెర ఎత్తేశాను. అన్నేళ్ళ దుమ్ము ఇద్దరి నెత్తినా పడింది. చిన్నాడి జుట్టు నెరిసింది అనుకున్నాను. దులుపుకున్నా నెరిసే ఉంది.

"ఏనుగు కనబడలేదురా నీకు?"

"కనబడింది."

"మరి దింపవేం?"

"అక్క దింపమంది. అందుకే దింపలేదు."

"నన్ను గుర్రం తియ్యమన్నది కూడా అక్కే."

"తెలుసు. నీ అంతట నువ్వయితే చచ్చినా తియ్యవు" అని, కాస్సేపు సుద్దముక్క అటూ ఇటూ దొర్లించి, "తెలిసే తీశావా అన్నయ్యా?" అన్నాడు.

"తెలియకుండా తీసే మొహమా నాది?"

"అవును."

నేను నవ్వాను. వాడు మింగకుండా నవ్వాడు. ఇంక ఆ నవ్వు చల్లారకముందే, "ఆ వకీలు కోటు చెయ్యి..." అన్నాడు.

"ముప్పావే అన్నాను."

"పావే అన్నావు."

"ముప్పావు!"

"పావు!"

అక్కయ్యా, గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడేదాకా అరుచుకున్నాం. గొంతు పోయింది. చెప్పలేనంత హాయిగా ఉంది.

"ఎవరు గెలిచారు?" అన్నాడాయన.

"ఆట ఇంకా అవలేదు" అన్నాం.

"నాకు ఎల్లుండికల్లా పేరు కావాలి బాబూ!"

నీ పేరు రాయించాం. కాగితం ఇందులోనే ఉంది, సంతకం చేసి పంపు. కొత్త గదిలో బల్ల ఉంటుంది, వాడి మిషను ఉంటుంది. నాది ఇంటికి పట్టుకుపోయాను. మా ఆవిడ అప్పుడే దాని మీద పూలకుండీ పెట్టేసింది. చూస్తే గుండె కొంచెం కలుక్కుమంటుంది, నిజం చెప్పొద్దూ. కానీ కొత్త గదికీ ఒక కిటికీ ఉంటుందట, దాని పక్కన ఒక పీట పడుతుంది. టేపు మెళ్ళో వేసుకుని అక్కడ కూర్చుంటాను. వచ్చినవాళ్ళతో మాట్లాడేది నేను, కత్తిరించేది వాడు. కొలతలు మాత్రం ఇకమీదట అరవను. వాడి దగ్గరికి వెళ్ళి చెవిలో చెబుతాను. ముందుగా గుమాస్తాకి ప్యాంటు కుట్టాలి.

బోర్డు మాత్రం ఎక్కడివక్కడే ఉంచాం. ఇకనుంచి వాడి వైపు మేమిద్దరం. నా వైపు నువ్వు. ఏనుగు దారిలో ఆ రాజుని నిలబెట్టింది నువ్వే కాబట్టి కాపాడుకోవడం నీ వంతు.

తొందరగా రాయి. ఇద్దరం కూర్చోలేకపోతున్నాం.

నీ
పెద్దాడు, చిన్నాడు